‘ర్యాంబో 3’ అంత ఖర్చుతో తీసినా ఎందుకు తడబడింది: ఒక పాత రిప్రజెంటేటివ్ సమాధానం

రాజోలు నుంచి ఒక యువ మిత్రుడు మూడు ప్రశ్నలు కలిపి అడిగారు. సిల్వెస్టర్ స్టాలోన్ నాయకుడిగా హాలీవుడ్‌లో తీసిన ర్యాంబో చిత్రాల్లో, 1985లో వచ్చిన రెండో భాగం ప్రపంచమంతా విరగబడి ఆడాక, 1988లో సోవియట్–ఆఫ్ఘన్ యుద్ధం నేపథ్యంగా అంతకంటే భారీగా తీసిన ‘ర్యాంబో 3’ అమెరికాలో ఎందుకు చతికిలబడిందన్నది మొదటిది. సరిగ్గా ఆ రోజుల్లోనే రష్యన్ సేనలు ఆఫ్ఘనిస్తాన్ విడిచి వెళ్లడం మొదలైంది కనుక చిత్రం దెబ్బతిన్నదని అందరూ అనేది నిజమేనా అన్నది రెండోది. చివర్లో వచ్చే అంకితం కార్డును 2001 తరువాత మార్చేశారన్న ప్రచారంలో వాస్తవమెంత అన్నది మూడోది. నేను చిత్ర విమర్శకుణ్ణి కాను. పంపిణీ కార్యాలయంలో రిప్రజెంటేటివ్‌గా ఉద్యోగం చేసి, ఉభయ గోదావరి జిల్లాల థియేటర్లలో కూర్చొని డి.సి.ఆర్.లు (రోజువారీ వసూళ్ల లెక్క పత్రాలు) రాయించుకొని, రాత్రి సెకండ్ షో వదిలాక లెక్క చూసుకొని పడుకున్నవాణ్ణి. కాబట్టి లెక్క దగ్గరే మొదలుపెడతాను.

ఈ చిత్రానికి అయిన ఖర్చు 5.8 కోట్ల నుంచి 6.3 కోట్ల డాలర్ల మధ్య ఉంటుందని చెబుతారు. అప్పటికి ఒక చిత్రం మీద అంత సొమ్ము పెట్టినవారు లేరు. ఆనాడు డాలరు దాదాపు 14 రూపాయలు కనుక, మన లెక్కలో అది 80 కోట్ల రూపాయలు దాటుతుంది. పెద్ద హీరోతో తీసిన తెలుగు చిత్రానికి కోటి రూపాయలైందంటే ఘనంగా చెప్పుకొనే రోజులవి. వసూళ్ల సంగతి చూస్తే, అమెరికాలో టికెట్ల మీద వచ్చినది 5.37 కోట్ల డాలర్లు, ప్రపంచమంతటా కలిపి సుమారు 18.9 కోట్ల డాలర్లు. రెండో భాగం ఒక్క అమెరికాలోనే 15 కోట్లు, ప్రపంచమంతటా 30 కోట్ల డాలర్లు వసూలు చేసింది. పెట్టుబడికి మూడు రెట్లు వచ్చాక ఇంకా పరాజయమేమిటని మీకు అనిపించవచ్చు. భీమవరం వైపు రొయ్యల చెరువు వేసినవారిని అడిగితే ఇందుకు సమాధానం దొరుకుతుంది. పట్టుబడి టన్నుల్లో కనిపిస్తుంది, లారీలు వరుసగా కదులుతాయి, చూసినవాళ్లు ఆహా అంటారు. మేతకు, మందులకు, ఏరేటర్ల కరెంటుకు పోయినది తీసేశాక రైతు చేతిలో ఏం మిగిలిందన్నది చెరువు గట్టు మీద నిలబడి చూసేవారికి కనబడదు.

టికెట్ సొమ్ము అంతా నిర్మాతకు రాదు. అమెరికాలోనైనా సుమారుగా సగం థియేటరు వారి దగ్గరే ఆగిపోతుంది, మిగిలినదాంట్లో పంపిణీదారు కమిషను, ప్రింట్ల ఖర్చు, ప్రకటనల ఖర్చు పోతాయి. కనుక అమెరికాలో వచ్చిన 5.37 కోట్లు పెట్టుబడిని తీర్చే మాట అటుంచి, అందులో సగానికి కూడా చాలవు. ఇక విదేశాల్లో వచ్చిన 13 కోట్ల పైచిలుకు సంగతి. నిర్మాణ సంస్థ కారొల్కో వారి వ్యాపార పద్ధతే దేశాలవారీగా హక్కులు ముందుగా అమ్ముకొని, ఆ ఒప్పందాలు చూపించి అప్పు తెచ్చి చిత్రం తీయడం. మన దగ్గర నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాలు కట్టి అడ్వాన్సులు తీసుకొని షూటింగు నడిపించే పద్ధతికి, దానికి మౌలికంగా తేడా లేదు. ఇలా ముందే అమ్ముకున్నప్పుడు నిర్మాత ఒడ్డున పడవచ్చు, కొన్నవాడు లాభపడవచ్చు, నష్టపోనూ వచ్చు. అయితే రెండో భాగం షేరు (థియేటరు ఖర్చు పోగా పంపిణీదారుకు వచ్చే సొమ్ము) చూసి మూడో భాగానికి రేటు కట్టిన క్షణంలోనే ఆ చిత్రం ఎంత ఆడితే ఆడినట్టు అన్న గీత చాలా ఎత్తున పడిపోతుంది. మన ఏరియాల్లోనూ ‘పార్ట్ టూ’ అన్న మాట వినగానే మొదటి భాగం షేరు మీద ఒకటిన్నర రెట్లు పాడేసి, పదో రోజుకల్లా తల పట్టుకున్న బయ్యర్లను చూశాను.

ఆ ఖర్చంతా తెర మీద కనబడుతుందా అంటే, కొంత కనబడుతుంది. కథ థాయిలాండులో కర్రసాము పందెంతో మొదలవుతుంది. ఆ భాగం అక్కడే తీశారు. యుద్ధం జరుగుతున్న ఆఫ్ఘనిస్తాన్‌లో తీయడం అసాధ్యం కనుక ఎడారి, కొండలు, కోట అన్నీ ఇజ్రాయెల్‌లోను, అమెరికాలోని అరిజోనాలోను కుదుర్చుకున్నారు. సోవియట్ మీ–24 హెలికాప్టరును అద్దెకు ఇచ్చేవారు ఆ రోజుల్లో ఎవరుంటారు? ఫ్రెంచి ప్యూమా హెలికాప్టర్లకు పైతొడుగులు, రెక్కలు తగిలించి ఆ రూపం తెప్పించారు. ఎరిగినవాళ్లకు ముక్కు దగ్గరే తేడా తెలిసిపోతుంది గాని, మామూలు ప్రేక్షకుడు గుర్తుపట్టలేడు. కనబడని ఖర్చు మరోవైపు ఉంది. స్టాలోన్ పారితోషికమే కోటిన్నర డాలర్లకు పైమాటని అప్పట్లో పత్రికలు రాశాయి; అంటే పెట్టుబడిలో దాదాపు నాలుగో వంతు. మొదట దర్శకుడిగా పెట్టుకున్న రసెల్ మల్కాహీని షూటింగు మొదలయ్యాక తప్పించి, పోరాటాల వంటివి విడిగా తీసే సెకండ్ యూనిట్ చూసే పీటర్ మెక్‌డొనాల్డ్‌కు పగ్గాలు అప్పగించారు. పరాయి దేశపు ఎడారిలో వందలాది మంది, గుర్రాలు, ట్యాంకులు, హెలికాప్టర్లు రోజు అద్దె మీద నిలబడి ఉండగా దర్శకుడు మారితే మీటరు ఎలా తిరుగుతుందో, పెద్ద యూనిట్‌తో అవుట్‌డోర్‌కు వెళ్లి వచ్చిన ప్రొడక్షన్ మేనేజరు ఎవరైనా చెబుతారు.

ఇక సోవియట్ సేనల ఉపసంహరణ. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యమే. 1988 ఏప్రిల్ 14న ఈ ఉపసంహరణకు సంబంధించిన జెనీవా ఒప్పందాల మీద సంతకాలయ్యాయి. మే 15న సేనలు వెనుదిరగడం మొదలైంది. మే 25 బుధవారం నాడు చిత్రం విడుదలైంది. మే 29న అమెరికా అధ్యక్షుడు రీగన్ మాస్కోలో దిగి, రెండు రోజుల తరువాత సోవియట్ అధినేత గోర్బచేవ్‌తో కలిసి రెడ్ స్క్వేర్‌లో నడిచి, సోవియట్ యూనియన్‌ను దుష్ట సామ్రాజ్యమని తాను అన్న మాట వేరే కాలానికి చెందినదని చెప్పారు. మూడేళ్ల క్రితం రెండో భాగం చూసి, ఈసారి బందీల సమస్య వస్తే ఏం చేయాలో తనకు తెలిసిందని చమత్కరించిన అధ్యక్షుడూ ఆయనే. ప్రతినాయకుడు సర్దుకొని ఇంటికి వెళుతున్న వారాల్లో, తమ అధ్యక్షుడు ఆ ప్రతినాయకుడి ఇంట్లో విందు ఆరగిస్తుండగా, అతణ్ణి వధించే చిత్రానికి టికెట్ కొనమనడం ఇబ్బందికరమైన బేరమే.

అయినా ఇదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. ఉపసంహరణ తేదీని గోర్బచేవ్ ఫిబ్రవరిలోనే ప్రకటించారు. పైగా ప్రేక్షకుడు వార్తాపత్రిక చదివి టికెట్ కొనడు. అదే బుధవారం విడుదలైన ‘క్రొకడైల్ డండీ 2’ అనే ఆస్ట్రేలియా హాస్యచిత్రం ‘ర్యాంబో 3’ని మొదటి వారాంతంలోనే వెనక్కు నెట్టింది. జూలైలో ‘డై హార్డ్’ వచ్చింది. అందులో నాయకుడు చెప్పుల్లేకుండా గాజు పెంకుల మీద నడిచి కాళ్లు కోసుకుంటాడు, భయపడతాడు, తనలో తాను గొణుక్కుంటాడు. అంతకు సగం ఖర్చుతో తీసిన ఆ చిత్రం అమెరికాలో ‘ర్యాంబో 3’ కంటే ఎక్కువ వసూలు చేసింది. చొక్కా లేకుండా కండలు మెరిపించి వంద మందిని ఒక్కడే కూల్చే నాయకుడి మీద అమెరికా ప్రేక్షకుడికి మోజు తీరిపోతున్న సంవత్సరమది.

అసలు కారణం కథలో ఉందని నా అభిప్రాయం. 1982లో వచ్చిన మొదటి భాగంలో ర్యాంబో వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చి, సొంత దేశంలోని ఒక చిన్న ఊళ్లో పోలీసుల చేత తరిమించుకునే మాజీ సైనికుడు. ఆ చిత్రం మొత్తంలో చనిపోయేది ఒక్క మనిషి. అదీ హెలికాప్టరులోంచి జారిపడి. చివర్లో నాయకుడు తన పై అధికారి ట్రాట్‌మన్ గుండె మీద పడి ఏడుస్తాడు. రెండో భాగంలో, వియత్నాంలో వదిలేసి వచ్చిన యుద్ధఖైదీల కోసం వెళతాడు. ఆ యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన అమెరికన్లు సుమారు 2500 మంది. వారి కుటుంబాలు అప్పటికీ ఎదురుచూస్తున్నాయి. ఖైదీలు నిజంగా ఉన్నారా లేదా అన్నది వేరే చర్చ గాని, అమెరికన్ల గాయం మాత్రం నిజమైనది, చిత్రం ఆ గాయం మీద చెయ్యి వేసింది. మూడో భాగంలో అటువంటిది లేదు. ఆఫ్ఘనిస్తాన్‌కు రహస్యంగా వెళ్లిన ట్రాట్‌మన్ రష్యన్లకు చిక్కుతాడు, అతణ్ణి విడిపించడానికి ర్యాంబో వెళతాడు. అంతే. యుద్ధం వేరొకరిది, నేల వేరొకరిది, ర్యాంబోకు ఆ దేశంతో ఏ లావాదేవీ లేదు. అమెరికా ప్రేక్షకుడికి తనదనుకోవడానికి అందులో ఏమీ మిగలలేదు. ఆ లోటు పూడ్చడానికి హింస పెంచారు. ఒక్క చావుతో మొదలైన వరుస మూడో భాగానికి వచ్చేసరికి 108 చావులకు చేరింది. 221 హింసాత్మక ఘట్టాలున్నాయని లెక్కగట్టి గిన్నిస్ పుస్తకం దానిని అత్యంత హింసాత్మక చిత్రంగా నమోదు చేసింది.

అదే లోపం మన దగ్గర లోపంగా కనబడలేదన్నది నా అనుభవం. అప్పట్లో డెల్టా పట్టణాల్లో ఇంగ్లీషు చిత్రాలను ఎక్కువగా ఉదయం ఆటగా వేసేవారు. పదకొండు గంటలకు మొదలుపెట్టి, మ్యాట్నీకి తెలుగు చిత్రం ఎక్కించేలోపు ముగించేవారు. డబ్బింగు లేదు, తెర కింద తెలుగు అక్షరాలూ లేవు. మద్రాసు, హైదరాబాదు ఆడి ఆడి వచ్చిన ప్రింటు గీతలు పడి ఉండేది, ప్రతి రీలు మొదలు, చివర అరిగిపోయి మాటలు ఎగిరిపోయేవి. 102 నిమిషాల చిత్రం, అంటే తొమ్మిది వేల అడుగుల పైచిలుకు ఫిల్ము. తెలుగు చిత్రానికి అలవాటుపడిన జనానికి అది సగం భోజనం కిందే లెక్క కనుక, ముందు ఫిల్మ్స్ డివిజన్ వార్తాచిత్రం వేసి, మధ్యలో విరామం ఇచ్చేవారు. హాలీవుడ్ చిత్రానికి విరామం ఉండదు. అది ఎక్కడ ఇవ్వాలో ఆపరేటరే తేల్చుకోవాలి. పశ్చిమ గోదావరిలో ఒక థియేటరు ఆపరేటరు ఈ చిత్రానికి విరామాన్ని ఎక్కడ పెట్టాడో నాకు ఇప్పటికీ గుర్తుంది. నడుము పక్కన కర్ర దిగి ఇటునుంచి అటు గాయమైన ర్యాంబో, తూటా విప్పి అందులోని మందు గాయంలో పోసుకొని నిప్పంటిస్తాడు. రెండు వైపుల నుంచీ మంట చిమ్ముతుంది. ఆ అరుపు వినబడగానే తెర వెలుగు ఆగిపోయి హాల్లో దీపాలు వెలిగేవి. రీలు మార్పు అక్కడ రాదు కదా, మధ్యలో ఎందుకు ఆపుతున్నావని అడిగితే, “ఆయ్, ఇక్కడ ఆపితే సోడా తాగడానికెళ్లినోడు కూడా సగం సోడా వదిలేసి వచ్చేత్తాడండి” అన్నాడు. అతని లెక్క తప్పలేదు.

స్నేహితుడి కోసం ప్రాణాలకు తెగించి వెళ్లాడన్న ఒక్క ముక్క అర్థమైతే చాలు, మనవాళ్లకు మిగిలిన కథ అక్కరలేదు. అమెరికాలో పలచనైన కారణమే ఇక్కడ నిండుగా పనిచేసింది. ఇంగ్లీషు రాని ప్రేక్షకుడికి వియత్నాం గాయం తెలియదు కనుక అది లేదన్న వెలితీ తెలియదు. గుర్రాల మీద మేక కళేబరం లాక్కొనే బుజ్‌కషీ ఆట వచ్చినప్పుడు ఈలలు పడేవి. ఆ వెంటనే హెలికాప్టర్లు వచ్చి ఊరిని కాల్చేస్తుంటే హాలు నిశ్శబ్దమైపోయేది. 18.9 కోట్లలో అమెరికా వాటా మూడో వంతు కూడా లేకపోవడానికి కారణం ప్రపంచంలో ఇటువంటి హాళ్లు చాలా ఉండడమే.

అందరూ ఈలలు వేశారని మాత్రం అనుకోకండి. విశాలాంధ్ర పుస్తకాల వ్యాను ఊరికి వచ్చినప్పుడల్లా మాస్కోలో అచ్చయిన తెలుగు అనువాదాలు రెండు మూడు రూపాయలకు కొనుక్కొని పెరిగిన తరం గోదావరి జిల్లాల్లో ఉంది. ‘సోవియట్ భూమి’ పత్రిక నునుపు కాగితాలతో పిల్లల పుస్తకాలకు అట్టలు వేసుకున్న ఇళ్లు ఎన్నో. అటువంటి ఇంటి మనిషి, రాజమండ్రిలో ఒక లెక్చరరు గారు, ఆట వదిలాక నా దగ్గరికి వచ్చి, “ఏమండీ, రష్యావాడు మరీ అంత రాక్షసుడా? అమెరికావాడు వియత్నాంలో చేసింది మరి ఏ లెక్కలో రాయమంటారు?” అని నిలదీశారు. చిత్రం తీసింది నేనే అన్నంత కోపంగా అడిగారు. ఆయన ఇంగ్లీషు బాగా వచ్చినవారే గాని, హాల్లో గోలకు ఒక ఘట్టం చెవిని పడి ఉండదు. ట్రాట్‌మన్ తనను హింసించే సోవియట్ కల్నల్‌తో, మేము మా వియత్నాం అనుభవించాం, ఇప్పుడు మీ వంతు వచ్చిందనే అర్థంలో మాట్లాడతాడు. చిత్రం మొత్తంలో చరిత్రను నిజాయితీగా ముట్టుకున్న చోటు అదొక్కటే. అలాగే దారి చూపే మూసా అనే పాత్ర, అలెగ్జాండరు, చెంఘిజ్ ఖాన్, బ్రిటిషువారు ఒకరి తరువాత ఒకరు ఈ నేలను గెలవబోయి ఏమయ్యారో చెబుతాడు. ఆ వరుసలో తరువాతి పేరు ఎవరిదో ఆ చిత్రం తీసినవారికి తోచి ఉండదు. 2001లో అమెరికా సేనలే అక్కడ దిగాయి, 2021 వరకు ఉన్నాయి.

యుద్ధం చిత్రీకరణలో మరికొన్ని కొట్టొచ్చినట్టు తెలిసే విషయాలున్నాయి. ముజాహిదీన్లు, అంటే సోవియట్ సేనలతో పోరాడిన ఆఫ్ఘన్ గెరిల్లాలు, పట్టపగలు మైదానంలో గుర్రాలెక్కి ట్యాంకుల మీదికి దూసుకుపోయే పతాక సన్నివేశం చూడ్డానికి బాగుంటుంది. అసలు పోరాటం అలా సాగలేదు. సలాంగ్ కనుమ మీదుగా కాబూలుకు వచ్చే సరఫరా కాన్వాయ్‌లను కొండ మలుపుల్లో మాటు వేసి కొట్టి మాయమైపోవడం వారి పద్ధతి. హెలికాప్టర్ల బెడదకు విరుగుడుగా, భుజం మీద పెట్టుకొని పేల్చే స్టింగర్ క్షిపణులను అమెరికా అందించగా, 1986 సెప్టెంబరులో జలాలాబాదు దగ్గర వాటిని మొదటిసారి ప్రయోగించారు. చిత్రంలో స్టింగర్ల ప్రస్తావన ఉన్నా, నాయకుడు హెలికాప్టరును బాణంతో పేల్చేస్తాడు, చివరిదాన్ని ఏకంగా ట్యాంకుతో ఢీకొంటాడు! స్టింగరు ఎవరైనా పేల్చగలరు కదా, నాయకుడికి అందులో గొప్పేముందని దర్శకుడి వాదన కావచ్చు. అన్నింటికంటే పెద్ద లోటు మాత్రం వేరు. ఆ యుద్ధంలో యాభై లక్షలకు పైగా ఆఫ్ఘన్లు పాకిస్తాన్‌కు, ఇరాన్‌కు శరణార్థులుగా వెళ్లిపోయారు. సుమారు 15 వేల మంది సోవియట్ సైనికులు చనిపోయారు. వారిలో అధికశాతం బలవంతపు సైనిక సేవకు వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. చిత్రంలో శరణార్థి ముఖం ఒకటి రెండు చోట్ల కనబడుతుంది, రష్యన్ కుర్రాడి ముఖం అసలు కనబడదు.

పెద్ద ఖర్చుతో కొనసాగింపు తీయడమే తప్పని దీన్నిబట్టి అనుకోనక్కరలేదు. ఇదే కారొల్కో సంస్థ 1991లో ‘టెర్మినేటర్ 2’కు ఇంతకంటే చాలా ఎక్కువ పెట్టి, 50 కోట్ల డాలర్ల పైన వసూళ్లు చూసింది. అక్కడ మొదటి భాగంలో చంపడానికి వచ్చిన యంత్రం రెండో భాగంలో కాపాడడానికి వస్తుంది. ప్రేక్షకుడికి తెలిసిన మనిషే గాని తెలియని కథ. ‘ర్యాంబో 3’లో తెలిసిన మనిషి తెలిసిన పనే ఇంకా పెద్దగా చేశాడు. ఇరవై ఏళ్ల తరువాత 2008లో స్టాలోన్ స్వయంగా దర్శకత్వం వహించి బర్మా అంతర్యుద్ధం నేపథ్యంలో నాలుగో భాగం తీసినప్పుడు, 5 కోట్ల డాలర్లతోనే సరిపెట్టాడు. 1988 నాటి ఖర్చు కంటే అంకెల్లోనే తక్కువ.

మిగిలింది అంకితం కార్డు. 1988లో ‘ధైర్యశాలురైన ముజాహిదీన్ యోధులకు’ అని ఉండేదని, న్యూయార్కు జంట భవనాల మీద దాడి జరిగాక సిగ్గుపడి దాన్ని ‘ఆఫ్ఘనిస్తాన్ వీర ప్రజలకు’ అని మార్చారని ప్రచారం. ఇది నిజం కాదు. చిత్రం విడుదలైన రోజుల్లో అమెరికా పత్రికల్లో వచ్చిన సమీక్షలే ఆ కార్డులో ప్రజలకు అంకితమని ఉన్నట్టు రాశాయి. అంతర్జాలంలో తిరిగే ముజాహిదీన్ కార్డు బొమ్మలు ఎవరో తయారుచేసినవి. అలాగే ఈ చిత్రం తాలిబన్లను కీర్తించిందనడం కూడా సరికాదు. ఆ ఉద్యమం పుట్టిందే 1994లో. సోవియట్ సేనలతో పోరాడినవారు ఎన్నో వర్గాలు. వారిలో కొందరు తరువాత తాలిబన్లలో కలిశారు, కొందరు వారితోనే యుద్ధం చేశారు. చిత్రంలో ముజాహిదీన్ నాయకుడి పాత్ర పేరు మసూద్. పంజ్‌షేర్ లోయలో సోవియట్ దాడులను మళ్లీ మళ్లీ తిప్పికొట్టిన అహ్మద్ షా మసూద్ తరువాత తాలిబన్లతో పోరాడుతూ 2001 సెప్టెంబరు 9న, జంట భవనాలు కూలడానికి రెండు రోజుల ముందు, విలేకరుల వేషంలో వచ్చినవారి బాంబుకు బలయ్యాడు.